రంగూన్ పొట్లాల్లో జేలండు మాట

రంగూన్ వెళ్ళొచ్చి నెల్లాళ్ళయింది. కొట్టుకి వచ్చినవాళ్ళు సరుకు అడిగే ముందు "రంగం ఎలాగుంది సెట్టిబాబూ?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పడంలో పడి రెండుసార్లు చింతపండు ఎక్కువ తూచేశాను. మా ఇంటా వంటా లేని పని అది. ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాలి కాబట్టి, ఒక్కసారే రాసి పెడుతున్నాను. వెళ్ళనివాళ్ళు చదువుకోండి. వెళ్ళినవాళ్ళు నా తప్పులు పట్టుకుని సంతోషించండి.

మాది భీమునిపట్నం. మా ఊళ్ళో డచ్చివారి గోరీలున్నాయి. ముసలివాళ్ళు వాళ్ళని ఒలాందావాళ్ళంటారు. ఆ రాళ్ళమీద ఏవో అక్షరాలు చెక్కి ఉంటాయి. చిన్నప్పుడు వాటిమీద మేం మిరపకాయలు ఎండబోసేవాళ్ళం, రాయి బాగా కాగుతుందని. ఆ జాతి మనిషిని ప్రాణంతో చూస్తాననీ, వాడి మాట నా చేత్తో రాస్తాననీ అప్పుడెవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

స్టీమరు మీద

రంగూన్‌లో మా అక్క మొగుడు గవరయ్య బావకి కిరాణా కొట్టుంది. బెల్లం బేరం పేరు చెప్పి బయల్దేరానుగాని, అసలు సంగతి ఊరు చూడాలని. ఆ మాట మా నాన్నతో అంటే డబ్బు పుట్టదు, బెల్లం అంటే పుట్టింది.

డెక్కు మీద చోటు కోసం పెద్ద యుద్ధం. కళింగపట్నం మనిషి ఒకడు మంచి నీడ ఉన్న చోటు ముందే ఆక్రమించి చాప పరుచుకున్నాడు. వాడికి రెండణాలిచ్చి ఆ చోటు కొన్నాను. వాడు మూడణాలడిగితే రెండుకి దింపానని మహా గర్వపడ్డాను. ఓడ కదిలాక గాలి తిరిగింది. పొగగొట్టం పొగంతా సరిగ్గా నా చాపమీదికే. ఆ మనిషికి ఇది ఆరో ప్రయాణమట. నాలుగు రోజుల తరవాత నేను రంగూన్‌లో దిగినప్పుడు బావ నన్ను గుర్తుపట్టలేదు.

కానీ ఆ దిగడం! ఓడ నదిలోకి తిరగ్గానే దూరాన చెట్లపైన బంగారు గోపురం ఒకటి లేచింది. ఒక్క మెరుపు. డెక్కుమీదున్న కూలీజనం అంతా ఒక్కసారి లేచి నించున్నారు. నా పక్క ముసలమ్మ "అదంతా బంగారవేనా బాబూ?" అంది. "బంగారమే" అన్నాను. "తులం ఎంతో అక్కడ?" అంది. నేను అడగబోయిన మాట ఆవిడ అడిగేసింది.

చౌక్తడా, బావ కొట్టు

బావ కొట్టున్న చౌక్తడా పేటలో వీధులు గళ్ళపలకలా సూటిగా ఉంటాయి. కోర్టులు, ఆఫీసులు, వాటి సందుల్లో మనవాళ్ళ కొట్లు. వీధిలో సగంమంది తెలుగే మాట్లాడుతున్నారు, అదీ మన ఉత్తరపు యాసలో. సముద్రం దాటి ఇంత దూరం వస్తే మళ్ళీ "ఏటి బాబూ" వినిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

బర్మావాళ్ళ కొట్లు నడిపేది ఆడవాళ్ళు. మొగుడు పిల్లని ఎత్తుకుని గుమ్మంలో కూచుంటే, పెళ్ళాం లావుపాటి చుట్ట నోట్లో పెట్టుకుని బేరమాడుతుంది. గొడుగు ఒకటి కొనబోయాను. ఆవిడ రూపాయిన్నర అంది. నేను ఆరణాలన్నాను, మామూలు ప్రకారం నడిచి వెళ్ళిపోయాను. మన ఊళ్ళో అయితే పది అడుగుల్లో పిలుస్తారు. ఇరవై అడుగులు వేశాను. పిలుపు లేదు. మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూస్తే ఆవిడ నవ్వుతూ నాకు చెయ్యూపింది, దారి చల్లగా వెళ్ళు అన్నట్టు. మలుపు తిరగ్గానే వాన. తడిసి ముద్దయి తిరిగొచ్చి, రూపాయిన్నరా ఇచ్చి కొన్నాను.

తిండిలో కూడా ఒక దెబ్బ తిన్నాను. ఊరబెట్టిన టీ ఆకుల్లో వేయించిన నువ్వులు, వెల్లుల్లి, వేరుశెనగ కలిపి పెడతారు. అద్భుతం. "చేప లేదు కదా?" అని మూడుసార్లు అడిగాను. లేదు లేదన్నారు. పళ్ళెం సగం అయ్యాక కరకరలాడేదేదో నమిలి "ఇదేం గింజ బావా?" అన్నాను.

"ఎండురొయ్య బావా. చేప కాదు కదా, ఆల్లు అబద్దం ఆడనేదు" అన్నాడు బావ.

మూడు పూటలు ఉపవాసం ఉన్నాను. నాలుగో పూట మళ్ళీ అదే తిన్నాను, రొయ్యలు ఏరించుకుని.

ఆ నాలుగో పూట మధ్యాహ్నమే మారినుస్‌ని చూశాను. యాభై ఏళ్ళ తెల్లమనిషి, డచ్చి నావికుడు, జ్వరంపడి లేచిన పసుపు మొహం, చేతులు వణుకుతున్నాయి. బావ కొట్టులో ఉల్లిపాయలు కొంటున్నాడు. అప్పుడే తెల్లదుస్తుల ఓడ ఆఫీసరు ఒకాయన చుట్టల కోసం వచ్చాడు. ఆయనా డచ్చివాడే. ఇద్దరూ తమ భాషలో ఏదో మాట్లాడుకున్నారు. మారినుస్ రెండు ముక్కలనేసరికి ఆఫీసరు పెద్దగా నవ్వాడు. ఆ ముక్కల్నే ముక్కుతో సాగదీసి తిరిగి అన్నాడు. మారినుస్ మొహం దించుకుని ఉల్లిపాయలు ఏరసాగాడు.

నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. నవ్వు మాత్రం బాగా అర్థమైంది. ముందురోజే రాజమండ్రి గుమాస్తా ఒకడు ఇదే గడపలో నించుని "ఏటండీ, ఏటండీ" అంటూ మమ్మల్ని వెక్కిరించి పోయాడు.

"ఆ నవ్వు ఎక్కడో విన్నట్టు నేదూ బావా?" అన్నాడు గవరయ్య. ఆఫీసరు వెళ్ళాక, మారినుస్ ఉల్లిపాయల్లో బావ మరో రెండు పడేశాడు, డబ్బు లేకుండా. మా బావ ఊరికే ఇవ్వడం నేను చూసింది అదొక్కసారే.

టీ బల్లమీద దీవులు

మారినుస్‌ని పక్క టీకొట్టులో కూచోబెట్టి మాట్లాడించాను. అతనిది ఓడల్లో నేర్చిన ఇంగ్లీషు, నాది కొట్టులో నేర్చింది. చాలని చోట ఇద్దరం హిందుస్తానీతో అతుకులు వేసుకున్నాం.

అతనిది జేలండు అనే సీమ. బల్లమీద ఒలికిన టీలో వేలు ముంచి గీసి చూపించాడు. ఇదొక దీవి, ఇదొకటి, ఇది మరొకటి, మధ్యలో సముద్రం. నేలంతా నీటికన్నా పల్లం, చుట్టూ కట్ట కట్టి కాపాడుకుంటారట. "కట్ట తెగితే?" అన్నాను. "అప్పుడు చేపలు మా ఇంట్లోకొస్తాయి" అన్నాడు.

వాళ్ళ మాట ఈ దీవులన్నిటా ఉంది. కిందవైపు బెల్జియం సరిహద్దునున్న నేలమీద ఉంది. పైనున్న ఒక దీవి వేరే జిల్లాలోదయినా మాట ఇదే. సరిహద్దు దాటితే అక్కడివాళ్ళ మాటా దీనికి దగ్గరే. దీవి దీవికీ తేడా, ఊరికీ ఊరికీ తేడా. అతని ఊరు జాలరుల ఊరు. పక్క ఊరివాళ్ళు రెండు కోసుల దూరంనుంచే నోరు విని పోల్చేస్తారట. రాజధానివాళ్ళు ఇంటిని 'హాయ్స్' అంటే వీళ్ళు 'ఊస్' అంటారు. హకారం నోట్లో నిలవదు. నాకు ఉత్సాహం పట్టలేదు. "మావాళ్ళకీ అంతే! ఒత్తులన్నీ గోదావరి అవతలే దింపేసి వస్తాం" అన్నాను.

అమెరికాలో ఆ దీవుల రైతులు వెళ్ళి కట్టుకున్న ఊళ్ళున్నాయనీ, అక్కడ ముసలివాళ్ళు ఇంకా అదే మాట్లాడతారనీ చెప్పాడు. దక్షిణ అమెరికాలో ఏదో నదిగట్టున నల్లవాళ్ళ నోట తన దీవి మాటలు విని నిలబడిపోయానన్నాడు. నేను బేరగాణ్ణి, ఎవరేం చెప్పినా సగమే నమ్ముతాను. ఆ సగానికే ఒళ్ళు జలదరించింది.

"బళ్ళో ఈ మాట ఆడితే పంతులు కొట్టేవాడు" అన్నాడు మారినుస్. "పుస్తకాల్లో లేదు. పట్టించుకుని రాసేవాడు లేడు. నేను రాశాను."

రాసింది వాళ్ళ అమ్మ మాట. ఆవిడ నెత్తిన బుట్ట పెట్టుకుని, రొయ్యలు అమ్ముకుంటూ పట్నం దాకా నడిచి వెళ్ళేది. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడల్లా ఆవిడ పక్కన కూచుని, చెప్పిన కథలు చెప్పినట్టే, అక్షరాలు తనకి తోచినట్టు పెట్టి ఒక లావుపాటి పుస్తకంలో రాసుకున్నాడు. కిందటి చలికాలం ఆవిడ పోయింది. అతను అప్పుడు సముద్రంమీదున్నాడు. ఇప్పుడావిడ మాట ఆ పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

ఆ పుస్తకం పెట్టెలో ఉంది. పెట్టె సేక్కాన్ రేవు గోదాములో ఉంది. అతను ఇక్కడ ఆస్పత్రిలో పడి ఉన్న నెలల్లో ఓడ పెట్టెని దింపేసి వెళ్ళిపోయింది. అడిగేవాడు లేక గడువు దాటింది. రేపు వేలం. కాగితం చూపించమంటే అతని దగ్గర లేదు. కావాలంటే వేలంలో పాడుకో అన్నారట. వేలమైన అయిదోనాడు అతనెక్కే ఓడ వెళ్ళిపోతుంది.

"నీ దగ్గరెంతుంది?"

"పద్నాలుగు రూపాయలు."

"నాకియ్యి. బేరం నా పని" అన్నాను. అంత ధీమాగా అన్న మాటలన్నీ నాకు తరవాత ఖరీదయ్యాయి.

సేక్కాన్ గోదాము

గోదాములో విరిగిన హార్మోనియం, గొడుగుల కట్టలు, ఎవరిదో చెక్కకాలు, మధ్యలో తాడు పిడుల నీలిరంగు పెట్టె. మారినుస్ దాన్ని చూసి ఊపిరి బిగబట్టాడు.

"అలా చూడకు. అక్కరున్న మొహం కనిపిస్తే ధర లేస్తుంది. నోరు కదపకు" అని చెప్పి, నేను నదివైపు తిరిగి నించున్నాను. అది మా నాన్న నేర్పిన విద్య. కావలసిన సరుకుకి వీపు చూపించాలి.

పెట్టె వంతు వచ్చింది. వేలం దొర "మూడు రూపాయలు!" అన్నాడో లేదో, మారినుస్ గోదాము దద్దరిల్లేలా తన భాషలో ఒక్క కేక పెట్టాడు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి పెట్టెని రెండు చేతులా వాటేసుకున్నాడు. బంట్రోతు లాగుతున్నాడు, ఇతను వదలడు. మొహం నిండా నవ్వు. జనమంతా గొల్లున నవ్వారు.

ఇంకేముంది, ఆ పెట్టెలో ఏదో ఉందని అందరికీ తెలిసిపోయింది. నాలుగు, ఆరు, తొమ్మిది. నేను మాత్రం నదినే చూస్తున్నాను. నా లెక్క నాకుంది. మన ఊళ్ళో వేలమంటే, ఒకటోసారి అని నశ్యం పీలుస్తారు, రెండోసారి అని కబుర్లు చెప్పుకుంటారు, మూడోసారికి ముందు తాంబూలం వేసుకుంటారు. రెండోసారి వినగానే తాపీగా తిరిగి ఒక్క రూపాయి పెంచుదామని నా ఉద్దేశం. ఈ దొర ఒకటీ రెండూ మూడూ ఒక్క ఊపిరిలో అనేసి సుత్తి కొట్టాడు. నేను తిరిగేసరికి పెట్టె పన్నెండు రూపాయలకి పోయింది. నా మొలలో పద్నాలుగు రూపాయలూ వెచ్చగా ఉన్నాయి.

మారినుస్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పెట్టె తనదే అనుకుంటున్నాడు పాపం. బయట గట్టుమీద కూచోబెట్టి విడమరిచి అడిగితే తేలింది. వాళ్ళ ఊరి చేపల రేవులో వేలం తలకిందులుగా సాగుతుంది. పాటగాడు పెద్ద ధరతో మొదలుపెట్టి దింపుకుంటూ వస్తాడు. ముందుగా ఎవరు "నాది" అని అరిస్తే సరుకు వాళ్ళది. రెండో మాట లేదు. "మొదటి ధరకే అరిచాను. నాకన్నా పైన ఎవరుంటారు?" అన్నాడు. పెట్టె పోయిందని చెప్తే అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వెందుకు అరవలేదు?"

ఇంకా టైముందనుకున్నానని చెప్పాను. రెండు దేశాల తెలివితేటలు ఒకచోట చేరి ఒక పెట్టెని పోగొట్టుకున్నాయి.

పాడుకున్నది డా ఖిన్ అని, పాతసామాన్ల కొట్టు ఆవిడ. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్ళని 'డా' చేర్చి పిలవాలి. ఆవిడ తోపుడుబండిమీద పెట్టె ఎక్కించుకుని వెళ్తోంది. మారినుస్ పరుగెత్తబోయాడు. నేను చెయ్యి పట్టి ఆపాను.

"ఇప్పుడు వెనకపడితే రెట్టింపడుగుతుంది. పొద్దున్నే బోణీ బేరానికి వెళ్దాం. మొదటి మనిషిని ఏ కొట్టువాడూ ఉత్త చేతులతో పంపడు."

"ఇప్పుడు వెళ్దాం" అన్నాడు.

"రేపే" అన్నాను. చెయ్యి వదల్లేదు.

డా ఖిన్ బోణీ

తెల్లారగానే ఆవిడ కొట్టుముందు నించున్నాం. తలుపు తీస్తూనే నన్ను చూసి పుల్లలాంటి చుట్ట వెలిగించింది. ఇరవై అంది. తొమ్మిదన్నాను. బర్మా మాటల్లో ఆవిడా, తెలుగులో నేనూ తిట్టుకున్నాం, హిందుస్తానీలో మర్యాద చేసుకున్నాం. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఈసారి పిలిచింది! బోణీ మరి. పదమూడుకి తెగింది. ఒకే ఒక్క రూపాయి లాభం తీసుకుందావిడ. నోట్లు అందుకుని వాటితో కొట్టులో సామాన్లన్నీ తట్టింది, మిగిలినవీ అమ్ముడుపోవాలని. మనవాళ్ళు బోణీ డబ్బు కళ్ళకద్దుకుంటారు, ఆవిడ సామాన్లకి అద్దింది. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. రాజ్యం గెలిచినట్టు మారినుస్ వైపు తిరిగాను.

అతను పెట్టె అడుగు దాకా చేతులు పెట్టి వెతుకుతున్నాడు. చొక్కాలున్నాయి. వెండి బొత్తాలున్నాయి. గడ్డం గీసుకునే కత్తి ఉంది.

"పుస్తకం?" అన్నాను ఆవిడతో. "కాగితాల పుస్తకం?"

"అదా? నిన్న సాయంత్రం తూకానికి ఇచ్చేశాను. రాసేసిన కాగితం ఎవరిక్కావాలి? పొట్లాలు చేసే మీ దేశం మనిషొకత్తె పట్టుకెళ్ళింది. నోట్లో నిప్పు పెట్టుకుంటుంది చూడు, ఆవిడ."

నిన్న సాయంత్రం. నేను మారినుస్ చెయ్యి పట్టుకుని 'రేపే' అన్న సాయంత్రం.

నేను పుట్టింది పొట్లాల మధ్య. పాత కాగితం ఏమౌతుందో నాకన్నా తెలిసినవాడెవడు? చించి, మడిచి, గంజి రాసి, ఆరబెడతారు. అరపూటలో వంద.

చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది మన సీకాకుళం ఆడవాళ్ళే. బావ దగ్గరికి పరుగెత్తాం. "పొట్లాల పైడమ్మ! నా కొట్టుకీ ఆవిడే ఏస్తాది. రేవెనక కూలీ లైన్లు, నీళ్ళకుళాయి పక్కిల్లు. ఎల్లండి, బేగెల్లండి!" అన్నాడు.

పైడమ్మ వాకిలి

కూలీ లైన్లంటే పొడుగాటి చెక్క కొట్టాలు. గదికి పదిమంది. వాకిట్లో చాపమీద పొట్లాలు వరసగా ఆరుతున్నాయి. వాటిమీద నీలి సిరాతో సన్నటి వాలురాత. మారినుస్ మోకాళ్ళమీద కూలబడి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఏటి బాబూ, ఆ దొరకేటయింది?" అంది పైడమ్మ. అరవై ఏళ్ళుంటాయి. మాట్లాడేటప్పుడు నోట్లోంచి పొగ వస్తోంది, చుట్ట కనిపించదు.

"అప్పా, ఈ కాగితాలు మాక్కావాలి. మిగిలిందెంతుంది?"

ఆవిడ పుస్తకం తెచ్చింది. వెనకనుంచి చింపుకొచ్చింది. ముందు మూడు వంతులూ నిక్షేపంగా ఉంది. నాకు ప్రాణం వచ్చింది, వెంటనే నా బుద్ధీ వచ్చింది. "తూకానికి కొన్నావు కదా, తూకానికే ఇచ్చెయ్యి. మీద అర్ధణా వేసుకో" అన్నాను.

"తెల్లదొర నడిచొచ్చినాడంటే అర్ధణాకేటి? రెండు రూపాయలు!"

"రెండు రూపాయలా! గంజి రాసి పాడుచేసినందుకా?"

"గంజి నీ అబ్బ పోసినాడా? ఏటి రాసుందేటి అందల?"

"వాళ్ళమ్మ మాటలప్పా. ఆవిడ పోయింది. రొయ్యలమ్ముకునేది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు."

పైడమ్మ చుట్ట తీసి నేలకి నులిమింది. "ఆ ముక్క ముందేడవొచ్చు కదా? తల్లి నోటిమాట తూకానికి బేరవాడతావేటి, కోవటోడా! తియ్యి చెయ్యి!" అని నన్ను పక్కకి నెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి మారినుస్ పక్కన కూచుంది. గంజి నాని ఒక్కో పొట్లం విచ్చుకుంటుంటే ఇద్దరూ జాగ్రత్తగా పరిచారు. నేను రాళ్ళు పెట్టాను, గాలికి ఎగరకుండా. నన్నెవరూ మాట్లాడమనలేదు.

దొరికినవి దొరికాయి. పొద్దున్నే వేరుశెనగల బండివాడికి అమ్మేసినవి మాత్రం పోయాయి. చివరి కథలు. రంగూన్ ఊరంతా వేరుశెనగలు తిని పారేసి ఉంటుంది.

"ఏదీ, సదవమను" అంది పైడమ్మ.

మారినుస్ చదివాడు. అర్థం నేను తెలుగులో చెప్పాను. పట్నంలో ఒక గొప్పింటి దొరసాని ఉండేది. వారం వారం రొయ్యల దగ్గర గంటసేపు బేరమాడేది. ఒక గురువారం మంచు కురుస్తోంది. దొరసాని వాకిట్లో నించుని సగానికి సగం అడిగింది. అప్పుడు అమ్మ బుట్ట కింద పెట్టి...

అక్కడ కాగితం అయిపోయింది.

"ఊఁ, బుట్ట కింద పెట్టి?" అంది పైడమ్మ.

"తరవాతి కాగితం లేదప్పా."

"కాగితం నేకపోతే ఏటి? ఈ బాబు ఇన్నాడు కదా సెవులారా. ఏటి సేసింది ఆల్లమ్మ?"

ఆ మాట మారినుస్‌కి చెప్పాను. చేతిలో కాగితం కింద పెట్టాడు. తరవాత కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఇంగ్లీషు కాదు, హిందుస్తానీ కాదు. తన దీవి మాట. గొంతు మారింది, ఆడగొంతు యాస వచ్చింది, చేతులు ఆడాయి. చేతులు వణుకుతున్నాయి కాబట్టి రాసుకోలేడు. ఆగితే పోతుంది. నేను మొలలోంచి పెన్సిలు తీశాను, సరుకుల చీటీల కట్ట తీశాను. వినబడింది వినబడినట్టు తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాను. అర్థం తెలిసి రాసింది కాదు. కానీ సుఖంగా వచ్చింది. దీర్ఘానికి దీర్ఘం ఉంది, పొడి అచ్చుకి పొడి అచ్చు ఉంది. హకారం పనే లేదు.

అయ్యాక అర్థం చెప్పాడు. అమ్మ బుట్ట కింద పెట్టి, ఒక రొయ్య వొలిచి దొరసాని ఎదటే నోట్లో వేసుకుందట. "ఇప్పుడు ఒకటి తక్కువమ్మా, ధర అదే" అందట. దొరసాని మళ్ళీ బేరమాడింది. ఇంకో రొయ్య. ఇంకో మాట, ఇంకో రొయ్య. సగం బుట్ట అయ్యాక దొరసాని బుట్ట నిండుకి ఎంతో అంతా ఇచ్చి, మిగిలింది పట్టుకుని లోపలికి పరుగెత్తిందట.

పైడమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. చుట్టుపక్కల గదుల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళకి మళ్ళీ చెప్పింది, ఈసారి రొయ్యలమ్మిన మనిషి పూసపాటిరేగ దగ్గర మనిషైపోయింది. నేను ఆ దొరసానివైపు మనిషినని గ్రహించి నోరు మూసుకున్నాను.

డబ్బు తీసుకోలేదావిడ. నేను బలవంతం చేస్తే "నీ కాడ తీసుకుంటే ఆల్లమ్మ నన్ను సూసి నవ్వుద్ది, పో" అంది.

రేవు దగ్గర

తరవాతి మూడు రోజులూ నేను రంగూన్‌లో ఏమీ చూడలేదు. మింగళాడోన్ వైపు తోటలు బాగుంటాయని బావ చెప్పాడు, వెళ్ళలేదు. బంగారు గోపురం కిందికి ఒక్కసారి వెళ్ళి, చెప్పులు చేత్తో పట్టుకుని చుట్టూ తిరిగి, పరుగున వచ్చేశాను. బెల్లం సంగతి ఎవరూ అడక్కండి. రోజంతా బావ కొట్టు వెనక బస్తాలమీద మారినుస్ చెప్పడం, నేను రాయడం. చీటీల కట్టలు నాలుగయ్యాయి. ఒక కథ చెప్తుంటే మరొకటి గుర్తొచ్చేది. పుస్తకంలో ఎన్నడూ రాయనివి కూడా రెండు వచ్చాయి. అవి దొరికినప్పుడు అతను లేచి బస్తాల మధ్య తిరిగేవాడు, నేను పెన్సిలు చెక్కుకుంటూ కూచునేవాణ్ణి. పండగలా ఉండేది.

వెళ్ళే రోజుకి అతని చేతుల వణుకు తగ్గింది. ఓడకి ఇంకా రెండు గంటలుంది. సేక్కాన్ గట్టుమీద నీలి పెట్టెనే బల్ల చేసుకుని కూచున్నాం. నేను తెలుగు చీటీ చూసి పైకి చదువుతాను, అతను విని తన అక్షరాల్లో పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. మూటలు మోసే మనవాళ్ళు ఆగి విని, "సెట్టిబాబుకి దొరల బాస వొచ్చేసింది" అనుకుంటూ పోతున్నారు. వచ్చింది బాస కాదు, చప్పుడు. నాకా సంగతి తెలుసు, అతనికీ తెలుసు.

రొయ్యల కథ చివరికి మిగిలింది. అమ్మ మొదటి రొయ్య నోట్లో వేసుకుని అన్న మాట దగ్గర అతను కలం ఆపాడు.

"కాదు. మా అమ్మ అలా అనదు."

మళ్ళీ చదివాను.

"కాదు, కాదు. నువ్వు అమ్ముతున్నట్టు అంటున్నావు. ఆవిడకి అమ్మాలని లేదు. ఆవిడ రొయ్య తింటోంది."

ఖాతాదారు మాట విని నేను నా మాట మార్చుకున్న రోజు లేదు. అక్కడ ఆరుసార్లు మార్చుకున్నాను. గొంతు తగ్గించాను, సాగదీశాను, నములుతున్నట్టు అన్నాను. ఓడ మొదటి కూత వేసింది. అతను తల కూడా ఎత్తలేదు.

ఏడోసారి చదివాను. మారినుస్ కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఆఁ. ఇప్పుడు ఆవిడే" అన్నాడు. కళ్ళు తెరిచి, కలం ముంచి రాసుకున్నాడు.